ఓటీపీ చెప్పు నాన్నా!

"నాన్నా, ఫోనుకి ఓటీపీ వచ్చిందా? చెప్పు." అమెరికాలో స్థిరపడిన మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో తరచుగా వినిపించే మాట ఇది. బ్యాంకు ఖాతా మనది, డబ్బూ మనదే. ఖాతాకి ఇచ్చిన సెల్ నంబరు మాత్రం గుంటూరులోనో, కరీంనగర్‌లోనో ఉన్న నాన్నగారిది. ఆయన కళ్ళజోడు వెతుక్కుని ఒక్కొక్క అంకే చదువుతారు. ఇక్కడ మన పని అయిపోతుంది. ఇందులో తప్పేముంది అంటారా?

ఇరవై ఏళ్ళుగా బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌తో కాపురం చేస్తున్నవాణ్ణి కాబట్టి, ఆ అంకెల సంగతి కాస్త చెప్పనివ్వండి.

ఇండియాలో ఇంటర్నెట్‌లో కార్డు వాడాలంటే, కార్డు మీద ఉన్న వివరాలతో పాటు మరో రుజువు కూడా ఉండాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి నిబంధన పెట్టింది. ఆ రెండో రుజువుగా స్థిరపడిపోయింది ఓటీపీ. నిజానికి మంచి ఏర్పాటే. దొంగకి పాస్‌వర్డు చిక్కినా మీ ఫోను చిక్కదు కదా! ఆ అంకెలు కొద్ది నిమిషాలే పనిచేస్తాయి, ఒక్కసారికే చెల్లుతాయి. వాటికి అర్థం ఒక్కటే: "ఈ లావాదేవీకి నేను ఒప్పుకుంటున్నాను" అని. అంటే అంకెల్లో పెట్టే సంతకం అన్నమాట.

తాళం పగలగొట్టడం కష్టం. తాళంచెవి అడిగి పుచ్చుకోవడం తేలిక. ఫోనులో అడిగితే ఓటీపీ చదివి చెప్పడం అలవాటైపోయిన పెద్దాయనకి, ఒకరోజు "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం సార్, మీ కేవైసీ అప్‌డేట్ చెయ్యాలి" అని ఎవరో మర్యాదగా ఫోను చేశారనుకోండి. అనుమానం ఎందుకు వస్తుంది? "ఎవరికీ చెప్పవద్దు" అని బ్యాంకు ప్రతి మెసేజిలోనూ రాస్తుంది. ఆ మాటకి విలువ తగ్గిస్తున్నవి కన్నబిడ్డల ఫోన్లే.

ఓటీపీతో ఆగితే బాగుండేది. వీడియో కాల్‌లో పోలీసు యూనిఫారంతో కనిపించి, "మీ పేరు మీద కేసు ఉంది, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, ఎవరితోనూ మాట్లాడకూడదు" అని పెద్దవాళ్ళని బెదిరించే ముఠాలు తయారయ్యాయి. అలాంటి అరెస్టు చట్టంలో లేనే లేదని ప్రధాని మోదీ 2024 అక్టోబరు 27న 'మన్ కీ బాత్'లో ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది. ఇక, చిన్న ఆడియో ముక్క ఉంటే చాలు, మనవడి గొంతుని కంప్యూటరు అనుకరిస్తుందని అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లోనే హెచ్చరించింది.

మరి మనం చెయ్యగలిగిందేమిటి?

మొదటిది, మన ఓటీపీ మన ఫోనుకే వచ్చేలా చూసుకోవడం. అమెరికాతో సహా పది దేశాల సెల్ నంబర్లతో ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకి యూపీఐ వాడుకోవచ్చని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2023లో అనుమతి ఇచ్చింది. మీ నంబరు నమోదు చేసుకుంటారేమో మీ బ్యాంకుని అడగండి.

రెండోది, పెద్దవాళ్ళ దాచుకున్న సొమ్మంతా యూపీఐ ఉన్న ఖాతాలో ఉంచవద్దు. కూరగాయలకీ మందులకీ సరిపడా ఒక చిన్న ఖాతా చాలు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదనీ, పిన్ నొక్కితే డబ్బు పోవడమేననీ వాళ్ళకి నిదానంగా చెప్పండి.

మూడోది పిల్లల పని. పిల్లలూ, ఈసారి అమ్మమ్మతోనో తాతయ్యతోనో మాట్లాడేటప్పుడు ఇద్దరూ కలిసి ఒక రహస్య మాట పెట్టుకోండి. అమ్మమ్మ చిన్నప్పటి ఆవు పేరో, తాతయ్య ఊరి చెరువు గట్టు మీది చెట్టు పేరో, ఏదైనా సరే. ఫేస్‌బుక్‌లో మాత్రం ఎక్కడా కనబడకూడదు. మీ గొంతుతో ఎవరైనా "ఆపదలో ఉన్నాను, డబ్బు పంపండి" అంటే, అమ్మమ్మ ఆ మాట అడుగుతుంది. చెప్పలేకపోతే ఫోను పెట్టేస్తుంది. ఆ వంకన ఆవు కథ కూడా మీకు తెలుస్తుంది!

చివరిది కంప్యూటరుతో పనిలేనిది. మోసపోయిన పెద్దవాళ్ళలో కొందరు ఆ సంగతి పిల్లలకి చెప్పరు. డబ్బు పోయిన బాధ కంటే "ఇంత చదువుకుని ఎలా నమ్మావు?" అనే మాటకి భయం. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగితే లాభం లేదు. సైబర్ మోసాలకి ఇండియాలో 1930 అనే హెల్ప్‌లైన్ ఉంది. ఎంత త్వరగా చెబితే, డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. కాబట్టి అర్ధరాత్రి అయినా సరే నిద్ర లేపమని మీ అమ్మానాన్నలకి ఇప్పుడే చెప్పి ఉంచండి. ఆ ఫోను ఎప్పుడైనా వస్తే, ముందు 1930కి చెయ్యమనండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు.