రెండు తీగల మీద నడిచే బస్సు

డ్రైవరు తాళంచెవి తిప్పగానే, ఇంజను ఇంకా స్టార్టు కాకముందే, స్టీరింగు వెనక మీటర్ల పలక మీద దీపాలన్నీ ఒక్కసారి వెలుగుతాయి. నూనె డబ్బా బొమ్మ, ఇంజను బొమ్మ, చక్రాలు జారకుండా చూసే ఏర్పాటును సూచించే ఏబీఎస్ అనే అక్షరాలు, బ్రేకుల్లో గాలి చాలదని చెప్పే ఎర్ర గుర్తు. రెండు మూడు సెకన్లలో కొన్ని ఆరిపోతాయి. ఇంజను అందుకున్నాక మరికొన్ని, గాలి ట్యాంకులు నిండాక ఆ ఎర్రది ఆరుతుంది. ఏబీఎస్ దీపం కొన్ని బండ్లలో చక్రాలు కాస్త దొర్లితే గానీ ఆరదు. ముందు సీటు దొరికినవాళ్లు ఈ తతంగమంతా చూడొచ్చు. ఆరాల్సిన దీపం ఆరకుండానే బస్సు ఊరు దాటిందంటే ఆ బండి చెప్పేది చెబుతూనే ఉంది, వినేవాళ్లే లేరన్నమాట.

ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్‌లో బయల్దేరి, దర్భా ఘాట్ దిగి, సుక్మా, దోర్నపాల్, ఎర్రబోరు మీదుగా కుంటకు వచ్చే బస్సుల్లో ఆ సీటు అంత తేలిగ్గా దొరకదు. ఇది 30వ నంబరు జాతీయ రహదారి. ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో మొదలై విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ముగుస్తుంది. ఎర్రబోరు దగ్గర బస్సెక్కేవాళ్ల నోట దోర్లీ, తెలుగు, హిందీ మూడూ వినిపిస్తాయి. కుంట దాటితే చింతూరు, ఆపైన భద్రాచలం. ఆసుపత్రికైనా సంతకైనా చదువుకైనా ఇక్కడివాళ్లకు బస్సే దిక్కు. అందుకే ఆ బస్సు లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడం వాళ్లకు కాలక్షేపం వ్యవహారం కాదు.

పాత బస్సుల్లో ఒక్కో మీటరుకు ఒక్కో తీగ ఉండేది. ఇంజను వేడి చెప్పే తీగ వేరు, వేగం చెప్పేది వేరు, గాలి ఒత్తిడిది వేరు. కంప్యూటరు పెట్టెలు వచ్చి చేరాక ఒక్కో పెట్టెకూ మిగతా పెట్టెలన్నిటికీ తీగలు లాగాల్సి వచ్చి వైరింగు కట్ట చెయ్యంత లావైంది. జర్మనీలోని బాష్ కంపెనీ ఇంజనీర్లు 1983లో దీనికి విరుగుడు వెతకడం మొదలుపెట్టి, 1986 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో జరిగిన సభలో ఫలితాన్ని బయటపెట్టారు. పేరు క్యాన్ బస్. అందరికీ కలిపి ఒకే జత తీగలు; ఎవరు ఏం చెప్పినా అందరికీ వినబడుతుంది; ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు. మరుసటేడే ఇంటెల్ దాన్ని చిప్‌గా తెచ్చింది. ఇప్పుడు లారీలు, బస్సులు వాడేది దాని మీద కట్టిన జె1939 అనే పద్ధతి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అనే పొగ నిబంధన వచ్చాక అమ్మిన డీజిల్ బస్సుల్లో ఇంజను పెట్టె, పొగ గొట్టంలోని సెన్సర్లు, ఏబీఎస్, మీటర్ల పలక ఇలాగే మాట్లాడుకుంటాయి.

ఆ జతలో ఒకటి పసుపు, ఒకటి ఆకుపచ్చ రంగులో కనిపించడం మామూలు. రెండూ జడలా పెనవేసుకుని ఉంటాయి. ఎవరూ మాట్లాడనప్పుడు రెండింటి మీదా దాదాపు 2.5 వోల్టులు. సున్నా పంపాలంటే ఒకటి 3.5కు ఎక్కుతుంది, రెండోది 1.5కు దిగుతుంది. వినే పెట్టె చూసేది ఈ రెండింటి మధ్య తేడాను మాత్రమే. బస్సులో ఆల్టర్నేటరు, స్టార్టరు, వైపరు మోటారు విద్యుత్ గోల చేస్తూనే ఉంటాయి. తీగలు పెనవేసి ఉండటంతో ఆ గోల రెండింటినీ ఒకేలా తాకుతుంది, తేడా మాత్రం చెదరదు. రెండు చివర్లలో 120 ఓంల నిరోధకాలు బిగిస్తారు, పంపిన సంకేతం చివరను తాకి వెనక్కి తిరిగి రాకుండా. అనుభవమున్న ఎలక్ట్రీషియను బ్యాటరీ తీసేసి మల్టీమీటరు ఈ రెండు తీగల మధ్య పెడతాడు. 60 ఓంలు చూపితే సరే. 120 చూపిందా, ఒక చివర ఎక్కడో ఊడింది. స్కానరు లేని ఊళ్లో కూడా చేయదగిన పరీక్ష ఇది.

ఇద్దరు ఒకేసారి మాట్లాడబోతే? అసలు చమత్కారం ఇక్కడుంది. ప్రతి సందేశం ముందు ఒక సంఖ్య ఉంటుంది. చిన్న సంఖ్య అంటే ఎక్కువ ముఖ్యం. ప్రతి పెట్టె తన సంఖ్యను ఒక్కో బిట్టుగా పంపుతూ, తీగ మీద ఏముందో కూడా వింటుంది. ఒకరు సున్నా, ఒకరు ఒకటి పంపితే తీగ మీద సున్నాయే నిలుస్తుంది. ఒకటి పంపినవాడు తను అన్నది వినబడలేదని గ్రహించి వెంటనే ఊరుకుంటాడు. ఊరి సభలో పెద్దాయన గొంతు వినగానే కుర్రాడు మాట ఆపేసినట్టే. పెద్దాయన మాట ఒక్క అక్షరం కూడా చెడదు, కుర్రాడు ఆయన ముగించాక మళ్లీ మొదలుపెడతాడు. వీళ్లను అదుపు చేయడానికి పైన అధికారి ఎవరూ అక్కర్లేదు.

అందుకే ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతోందన్న కబురు సెకనుకు పదులసార్లు వస్తుంది, రేడియేటరు నీళ్ల వేడి మాత్రం సెకనుకొకసారే. నీళ్లు ఒక్క క్షణంలో మరిగిపోవు కదా. జె1939 సాధారణంగా సెకనుకు రెండున్నర లక్షల బిట్లు పంపుతుంది. ఒక సందేశానికి అర మిల్లీసెకను పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు ఆలోపు సెంటీమీటరు కూడా కదలదు. అదే డ్రైవరు గేదెను చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పట్టిందంటే బస్సు 16 మీటర్లు దాటిపోయింది. వానలో దర్భా ఘాట్ దిగేటప్పుడు చక్రం జారుతోందని ఏబీఎస్ పసిగడితే, ఇంజను బ్రేకును కాసేపు వదిలెయ్యమని ఇదే తీగ మీద చెబుతుంది. ఇది డ్రైవరుకు తెలిసే లోపే అయిపోతుంది.

పాడైన పెట్టె ఒకటి పిచ్చిగా అరుస్తూ కూర్చుంటే మిగతావాళ్ల గతేమిటి? దానికీ లెక్క పెట్టారు. సందేశం పంపడంలో తప్పు జరిగిన ప్రతిసారీ ఆ పెట్టె ఖాతాలో ఎనిమిది పాయింట్లు పడతాయి, సవ్యంగా పంపితే ఒక్కటే తగ్గుతుంది. 255 దాటిందా, తనంతట తానే తీగ నుంచి తప్పుకుంటుంది. ట్రావెల్స్ పర్మిట్లకు కూడా ఈ లెక్కే ఉంటే కొన్ని కంపెనీలు ఎప్పుడో రోడ్డు దిగేవి.

ఇంతా చెప్పాక ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మామూలు బస్సులో కాలి బ్రేకు గాలితోనే పనిచేస్తుంది. తీగ తెగినా, ఏబీఎస్ చచ్చినా బ్రేకు పడుతుంది. చక్రాలు జారకుండా చూసే కాపలా మాత్రం పోతుంది. ఎలక్ట్రానిక్సు వల్ల బ్రేకులు ఫెయిలవుతాయన్న భయం చాలావరకు దండగ. నా భయం వేరే. ఈ తీగలకు సెన్సరు ఉన్న సంగతే తెలుస్తుంది. సెన్సరు లేనిది ఎంత ఘోరమైనా వాటి దృష్టిలో లేనట్టే.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో లోయలో పడిన ఆర్టీసీ బస్సులో వందమంది దాకా ఉన్నారు. అరవైమందికి పైగా చనిపోయారు. ఎంతమంది ఎక్కారో చెప్పే దీపం మామూలు బస్సుల్లో ఉండదు. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర కల్వర్టును గుద్ది కాలిపోయిన వోల్వోలో 45 మంది పోయారు. ఆ కాలానికి అది ఎలక్ట్రానిక్సు నిండిన ఖరీదైన బస్సే. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో స్లీపరు బస్సు కింద మోటారుసైకిలు ఇరుక్కుని, నిప్పంటుకుని 19 మంది ప్రయాణికులు చనిపోయారు. తలుపులు, దారులు, కిటికీలు మాట్లాడవు. అత్యవసర ద్వారానికి అడ్డంగా బియ్యం బస్తా పెట్టినా మీటర్ల పలక మీద అంతా పచ్చగానే ఉంటుంది.

యజమానులు తర్వాత తగిలించే సొగసుల సంగతి మరీ అన్యాయం. రంగు దీపాలు, స్పీకర్లు, సీటు సీటుకూ చార్జరు అని కనిపించిన తీగను కోసి, టేపు చుట్టి, జాయింటు వేస్తారు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని స్థానంలో లావుపాటి తీగ పెడతారు. ఫ్యూజు పోవడమే అది చేయాల్సిన పని అని వాళ్లకు తెలియక కాదు. తీగ వేడెక్కి పైతొడుగు కాలితే అది క్యాన్ బస్‌కు తెలియదు. అక్కడ మాట్లాడే పెట్టె లేదు మరి. ఇంజను గదిలో మంటను పసిగట్టి ఆర్పే ఏర్పాటుకు ఏఐఎస్-135 అనే ప్రమాణం ఉంది. దూరప్రయాణపు బస్సుల్లోనూ బడి బస్సుల్లోనూ ప్రయాణికుల వైపు కూడా అలాంటి రక్షణ ఉండాలని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. ఈ దారి పోయే బస్తర్ ప్రాంతపు వేసవిలో ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. బీఎస్-6 బండి మసి వడపోతను తనంతట తాను కాల్చి శుభ్రం చేసుకునేటప్పుడు లోపల వేడి 600 డిగ్రీల దరిదాపుకు పోతుంది. ఆ పని జరుగుతోందని చెప్పే దీపం వెలుగుతుండగా ఎండుటాకుల మీద బస్సు ఆపకూడదు.

ఏఐఎస్-140 అనే ప్రమాణం మరో కథ. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన సామూహిక అత్యాచార ఘటన తర్వాత పుట్టిన ఆలోచన, 2019 జనవరి 1 నుంచి కొత్త ప్రయాణికుల వాహనాలకు తప్పనిసరి అయింది: బస్సు ఎక్కడుందో చెప్పే పెట్టె, సీట్ల దగ్గర ఎర్ర మీటలు. సిగ్నల్ లేనిచోట ఆ పెట్టె తన చిట్టాను దాచుకుని, టవరు అందగానే పంపుతుంది. పోయినదారి తెలుసుకోవడానికి అది చాలు. ఆపదలో మీట నొక్కినవాళ్లకు మాత్రం టవరు అప్పుడే అందాలి. అడవి దారుల్లో సెల్ టవర్లు లేకుండా మీటలు బిగించి నిబంధన నెరవేరిందనుకోవడం కాగితం భద్రత.

ఈ ప్రాంతంలో బస్సు భద్రత అంటే చాలాకాలం ఇవేవీ కావు. 2006 జూలైలో ఎర్రబోరులోని నిర్వాసితుల శిబిరం మీద మావోయిస్టుల దాడి జరిగింది. 2010 మే 17న దంతెవాడ, సుక్మాల మధ్య చింగవరం దగ్గర ప్రయాణికుల బస్సును మందుపాతర పేల్చేసింది; పోలీసులూ మామూలు జనమూ కలిసి ఎక్కిన బస్సు అది, ముప్పైమందికి పైగా చనిపోయారు. ఏ సెన్సరూ దాన్ని ఆపేది కాదు. వానాకాలంలో శబరి నది ఎగదన్ని కుంట దగ్గర రోడ్డు మునిగినప్పుడూ అంతే. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఈ ప్రాంతమంతా నీళ్లలో ఉంది. నీళ్లు పారుతున్న కల్వర్టు మీదికి డ్రైవరు బస్సు పోనిస్తుంటే దిగిపోతామని అడిగే హక్కు టికెట్‌తోపాటే వస్తుంది.

కాబట్టి బస్సెక్కగానే మూడు పనులు చేయండి. అత్యవసర ద్వారం ఎక్కడుందో చూడండి. దానికి సామాను అడ్డంగా ఉంటే, బస్సు కదలకముందే కండక్టరుతో తీయించండి. పక్కవాళ్లను కూడా అడగమనండి, ఒక్కరి మాటకన్నా నలుగురి మాట తొందరగా పనిచేస్తుంది. అద్దం పగలగొట్టే సుత్తి దాని స్థానంలో ఉందో లేదో చూడండి, లేకపోతే అడగండి. డ్రైవరు ముందు ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటే, "అన్నా, ఆ లైటెందుకు ఆరలేదు?" అని మర్యాదగానే అడగండి. అవసరమైతే ఫోను చేయాల్సిన నంబరు ఛత్తీస్‌గఢ్‌లోనైనా, ఆంధ్రాలోనైనా, తెలంగాణలోనైనా 112.