డర్బనునుండి కైరో యెంత దూరము?

రెంజలు చెఱకుతోటల నడుమ పెరిగిన బాలురకు దూరమనగా బండి బోధను చేరు కాలమే. అట్టివారి తరగతిలో నొకనాడు ఆఫ్రికా పటమును వ్రేలాడదీసి, డర్బనునుండి కైరోకు విమాన మెంతసేపటికి చేరునని మేము ప్రశ్నించితిమి. డర్బను మనకు పరాయి యూరు కాదు. 1860 అక్టోబరు 12వ తేదీన చెన్నపట్టణమున బయలుదేరిన ట్రూరో యను నోడ నవంబరు 16వ తేదీన అచ్చటికి చేరెను. ఆ యోడలోను, తరువాతి యోడలలోను తెలుగువారనేకులు నేటాలు చెఱకుతోటలకు ఒడంబడిక కూలీలై పోయిరి. 1937లో స్థాపితమై 2015లో మూతపడిన మన బోధను చక్కెర మిల్లు పుట్టుటకు చాల పూర్వమే మనవారు సముద్రమున కావల చెఱకు నరికిరి. 1931లో అచ్చటి తెలుగువారు ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి.

ఇక లెక్క. అట్లాసు తెఱచి చూడుడు. డర్బను భూమధ్యరేఖకు దక్షిణమున సుమారు 30 డిగ్రీలు, కైరో ఉత్తరమున సుమారు 30 డిగ్రీలు. రెండును తూర్పు రేఖాంశము 31 చెంతనే యున్నవి. కనుక పటముమీద నిట్టనిలువుగా పోవుటయే. అక్షాంశపు డిగ్రీ యొక్కటికి సుమారు 111 కిలోమీటర్లు. 60 డిగ్రీలకు 6,660. విమానము గంటకు 850 కిలోమీటర్లు పోవునెడల 7 గంటల 50 నిమిషములు పట్టును. ఎక్కునపుడును దిగునపుడును వేగము తగ్గును గనుక మఱియొక యరగంట కలుపవలెను.

ఇచ్చట మా తప్పొకటి చెప్పవలసియున్నది. రెంజలు, ముంబయి దాదాపు ఒకే అక్షాంశమున నున్నవి. నడుమ రేఖాంశములో సుమారు 5 డిగ్రీల భేదము. మేము దీనిని కూడ 111 చేత గుణించి 555 కిలోమీటర్లని చెప్పితిమి. మఱునాడొక బాలిక నారింజపండు తెచ్చి యొలిచి, "అయ్యగారూ, తొన నడుమ వెడల్పు, కొనల సన్నము గదా?" యనెను. నిజమే. రేఖాంశపు డిగ్రీ భూమధ్యరేఖయొద్ద మాత్రమే 111. మన యక్షాంశమున 105, అరువదవ యక్షాంశమున సగమే. ముంబయికి సూటిదూరము 525 మాత్రమే. మూడేండ్లుగా మేమీ తప్పునే నేర్పితిమి. నాటి విద్యార్థులు పై తరగతులలో నున్నారు. వారీ పుటను చదివి దిద్దుకొందురు గాక. డర్బను, కైరోల లెక్కకు మాత్రము దీనివలన హాని లేదు. అది అక్షాంశముల లెక్క.

ఒకే రేఖాంశమగుటచే డర్బను ప్రయాణికుడు కైరోలో గడియారము దిద్దుకొన నక్కఱలేదు, ఈజిప్టులో వేసవికై గడియారమును గంట ముందుకు జరుపు నెలలలో తప్ప. కాని సూటి విమానము దొరకనిచో జోహన్నెస్‌బర్గులోనో అడిస్ అబాబాలోనో దిగి వేఱొకటి యెక్కవలెను. అపుడు వేచియుండు గంటలే హెచ్చు. దూరము మారదు గాని కాలము మారును.

చెన్నపట్టణమునుండి డర్బనుకు సూటిదూరము సుమారు 7,100 కిలోమీటర్లు. ట్రూరో యోడకు 35 దినములు పట్టెను. అదే 850 వేగమున విమానమున కెంత పట్టునో, అరగంట కలుపుట మరువక, లెక్కించి మాకు చూపుడు.