వెంటిలేటర్ మీద మనిషి ఎందుకు పలకడు?

ఇయ్యాల టాపిక్ కొంచెం బరువైందే. మన సిద్దిపేటలో కేసు బాగా సీరియస్ అయితే అంబులెన్స్ రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ దిక్కు ఉరుకుతది. రెండు రోజులకు ఐసీయూలోకి తొంగి చూస్తే మనిషి కదలడు, పిలిస్తే పలకడు. వెంటనే ఠాగూర్ సినిమా గుర్తొస్తది. 2003లో వచ్చిన ఆ ఆస్పత్రి సీను ఇంకా మన బుర్రల్లోనే తిరుగుతోంది! బిల్లు మీద డౌట్ ఉంటే అడగండి, తప్పు లేదు. కానీ పలకట్లేదని ప్రాణం పోయిందనుకోవద్దు. చాలాసార్లు అది మందుతో పట్టించిన నిద్ర.

నోట్లోంచి ట్యూబ్ స్వరపేటిక దాటి శ్వాసనాళంలోకి దిగి ఉంటుంది. మాట రాదు, దగ్గొస్తది, గొంతు నొస్తది. తెలియక దాన్ని పీకేసుకుంటే ప్రాణం మీదికొస్తది.

ఇక్కడ చాలామంది మిస్సయ్యే పాయింట్ చెప్తా. నిద్ర మందు వేరు, నొప్పి మందు వేరు. పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్, ఇంకా మిడజోలామ్ నిద్రపుచ్చుతాయి, నొప్పిని తగ్గించవు. నొప్పికి ఫెంటానిల్ లాంటివి కావాలి. నిద్ర మందు ఒక్కటే ఇవ్వడం ఫోన్‌ని సైలెంట్‌లో పెట్టినట్టు. కాల్ మాత్రం వస్తూనే ఉంటది. అందుకే 2018 గైడ్‌లైన్స్ ముందు నొప్పి సంగతి చూడమంటాయి. మాట రాని మనిషి నొప్పి ఎట్ల తెలుస్తది? మొహం ముడుస్తున్నాడా, చేతులు బిగిస్తున్నాడా, మెషీన్‌తో కొట్లాడుతున్నాడా అని చూసి నర్సులు స్కోర్ వేస్తారు.

మరి నిద్ర ఎంత ఎక్కువైతే అంత మంచిదా? కాదు. 2000లో చికాగో డాక్టర్లు 128 మంది మీద చేసిన స్టడీ ఒకటుంది. రోజూ ఒకసారి మందు ఆపి లేపిన గ్రూపు సుమారు 5 రోజులకే వెంటిలేటర్ నుంచి బయటపడింది. రెండో గ్రూపుకి 7 రోజులు దాటింది. పైగా కిడ్నీలు, లివర్ దెబ్బతింటే మిడజోలామ్ ఒంట్లోనే పేరుకుపోతది; ఆపినా వెంటనే మెలకువ రాదు. అయితే అందరినీ ఇట్ల లేపలేరు. ఊపిరితిత్తులు మరీ పాడైనా, తలలో ప్రెషర్ పెరిగినా గాఢనిద్రలోనే ఉంచాల్సొస్తది.

కాబట్టి డాక్టర్ని "ఎట్లుంది సార్" అని ఊరుకోకండి. నొప్పికి ఏమిస్తున్నరు? ఇయ్యాల నిద్ర మందు తగ్గించి చూసిండ్రా? పిలిస్తే కళ్లు తెరిచిండా? ఇవి అడగండి.

మెలకువొచ్చినంక మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు, లేనివి కనిపిస్తున్నయనొచ్చు. పిచ్చి కాదది, డెలీరియం. కళ్లద్దాలుంటే, చెవి మెషీనుంటే సిస్టర్‌ని అడిగి పెట్టించండి. దగ్గరికి పోనిస్తే చెయ్యి పట్టుకుని మామూలుగా మాట్లాడండి: "నాయినా, నేను చిన్నోణ్ని. ఆస్పత్రిల ఉన్నవ్. ఇయ్యాల మంగళవారం, పొద్దున పదైంది."