ఎడారిలో కార్తెలు

ఖతార్‌లో ఋతువులెన్ని అని అడిగితే ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామంది రెండే అంటారు: ఎండాకాలం, మరీ ఎండాకాలం. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. ఇంటి నుంచి కారుకి, కారు నుంచి ఆఫీసుకి ఏసీ గాలిలోనే తిరిగేవాళ్ళకి అలాగే తోస్తుంది కూడా. సైకిలెక్కి ఊరు దాటితే మాత్రం ఆ మాట నిలవదు.

నేనుండేది దోహా దక్షిణపు కొసన, అల్ తుమామాలో. 2022 ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ కోసం ఇక్కడ కట్టిన స్టేడియం వల్ల ఈ పేరు మీరూ విని ఉంటారు. అరబ్బు మగవాళ్ళు తలకి పెట్టుకునే గహ్‌ఫియా టోపీ ఆకారంలో ఉంటుంది. తుమామ్ అనేది ఒక ఎడారి గడ్డి. ఒకప్పుడు ఇక్కడ విరివిగా పెరిగేదట, ఊరికి ఆ పేరే వచ్చిందంటారు. మన సామలకీ వరిగలకీ అది దగ్గరి చుట్టమని తెలిశాక ఈ ఊరి మీద నాకు కాస్త చనువు పెరిగింది.

శుక్రవారం సెలవు. తెల్లవారకముందే బయల్దేరి అల్ వక్రా సముద్రపొడ్డు దాకా పోతాను. కొన్నిసార్లు సైకిల్ని కారు వెనక కట్టుకుని ఉత్తరాన అల్ ఖోర్ దారికి వెళతాను. అక్కడ 2020లో తెరిచిన సైకిల్ బాట దాదాపు 33 కిలోమీటర్లు ఎక్కడా తెగకుండా సాగుతుంది. దేశమంతా చదును. అన్నిటికన్నా ఎత్తైన చోటు కూడా వంద మీటర్లకి కాస్త ఎక్కువ, అంతే. ఎక్కుడు లేదని సంబరపడతామా, ఎదురుగాలి ఆ లోటు తీరుస్తుంది.

ఈ గాలినీ ఎండనీ అరబ్బులు చుక్కలతో లెక్కగట్టారు. ఆకాశాన్ని 28 ఇళ్ళుగా పంచి, ఒక్కో ఇంటికి సుమారు 13 రోజులు ఇచ్చారు. మన రైతులకి 27 కార్తెలు, ఒక్కోటి 13, 14 రోజులు. లెక్క కట్టే పద్ధతి కొంచెం వేరు గానీ, వానకోసం ఆకాశం వైపు చూసిన కళ్ళు ఒకలాంటివే.

మే చివర మనకి రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండలు. జూన్ మొదటి వారం దాటితే మృగశిర, నేల చల్లబడే కాలం. ఖతార్‌లో సరిగ్గా ఆ రోజుల్లోనే తెల్లవారుజామున తూర్పున తురయ్యా పొడుస్తుంది. అవి మన కృత్తికలే. మనకి వేసవి ముగిసే రోజున ఇక్కడ అసలు వేసవి మొదలవుతుందన్నమాట. సూర్యుడు పావు తక్కువ అయిదుకే వచ్చేస్తాడు. వాయవ్యం నుంచి షమాల్ గాలి దుమ్మెత్తిపోస్తుంది. పళ్ళ మధ్య ఇసుక కరకరలాడుతుంది.

అల్ వక్రా దారిలో కరక్ చాయ్ కొట్టు దగ్గర జగిత్యాల వైపు మనిషి ఒకాయన పరిచయమయ్యాడు. కట్టడం పని. జూన్‌లో ఒకరోజు నా సైకిల్ని చూసి, “గీ ఎండల నీకిదేం సోకు అన్నా?” అని నవ్వాడు. తర్వాత తన మాట చెప్పాడు: “మా బాపు ఫోన్ల ఒక్కటే అడుగుతడు, ఆడ మిరుగు పడ్డదా అని. ఈడి మిరుగు గిట్లుంటదని ఎట్ల చెప్పాలె?”

జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని 2021 నుంచి ఇక్కడ నిబంధన ఉంది. ఆయనకి ఋతువంటే ఆ గంటలు. నాకు ఉక్కపోస్తే సైకిల్ వెనక్కి తిప్పుకోవచ్చు. ఆయన ఎక్కిన బస్సు సైటుకే పోతుంది. ఈ తేడా మరిచిపోయి ఎడారి అందాల గురించి రాయబుద్ధి కాదు.

ఆగస్టులో గాలి పడిపోయి తేమ కమ్ముతుంది. కళ్ళద్దాలు మసకేస్తాయి, చొక్కా పిండితే నీళ్ళు కారతాయి. ఆ నెల చివర్లో, వేకువన, దక్షిణాన బాగా దిగువగా ఒక పెద్ద చుక్క కనబడుతుంది. దాని పేరు సుహైల్. “సుహైల్ పొడిసిందన్నా, ఇగ బతికినం” అన్నాడాయన. ఎండ వెంటనే తగ్గదు గానీ రాత్రులు మెల్లగా చల్లబడతాయి. సుహైల్ అంటే మన అగస్త్య నక్షత్రమే. అగస్త్యుడు ఉదయిస్తే వానాకాలపు బురదనీళ్ళు తేటపడతాయని మన పెద్దల మాట. అక్కడ నీటికి తేట, ఇక్కడ ఒంటికి తెరిపి.

అక్టోబర్ మధ్యలో వస్మ్ మొదలై 52 రోజులు ఉంటుంది. అంటే నాలుగు ఇళ్ళు. వాటిలో ఒకటైన సిమాక్ మన చిత్త. చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడుతుందన్న సామెత ఖతార్‌కి అచ్చంగా సరిపోతుంది. ఏడాది మొత్తానికి పడేదే సగటున 80 మిల్లీమీటర్ల లోపు. అదీ ఒక పేటలో కురిసి పక్క పేటని వదిలేస్తుంది. కురిసిన నీరు పల్లపు నేలల్లో చేరుతుంది. వాటిని రౌదా అంటారు. అక్కడ ఒండ్రుమట్టి, రేగు జాతికి చెందిన సిద్ర్ చెట్లు, తుమ్మలు. వాన పడిన కొన్నాళ్ళకి నేల మీద పచ్చటి నూగు కనబడుతుంది. అప్పుడే తుమ్మముల్లు టైర్లో దిగుతుంది కూడా. వస్మ్ వానలు బాగా పడితే చలికాలం చివర్లో మట్టిలోంచి ఫగా అనే భూగర్భపు పుట్టగొడుగులు తవ్వి తీస్తారు. ఉరుములకి పుడతాయని వీళ్ళూ అంటారు, మనూళ్ళో పుట్టగొడుగుల గురించి అనుకున్నట్టే.

డిసెంబర్, జనవరుల్లో పొగమంచు. అల్ ఖోర్ దాటాక అల్ తఖీరా మడ అడవుల్లో రాజహంసలు దిగుతాయి. పులికాట్ చూసినవాళ్ళకి వాటి నడక కొత్త కాదు.

గల్ఫ్‌లో ఉన్న మిత్రులకి ఒక మాట. పాత సైకిలైనా చాలు. ముందూ వెనకా దీపాలు, హెల్మెట్, రెండు సీసాల నీళ్ళు, పంక్చర్ సామాను పెట్టుకోండి. అక్టోబర్‌లో మొదలుపెట్టండి, జూన్‌లో కాదు. ఇంట్లో తెలుగు క్యాలెండర్ ఉంటే బయల్దేరే ముందు ఏ కార్తె నడుస్తోందో ఒకసారి చూసుకోండి.