నాన్న ఊరెళ్లలేదమ్మా!

మా పక్కింటాయన గుండెపోటుతో పోయి ఏడాదయింది. "నాన్న ఊరెళ్లారు" అని ఆరేళ్ల కూతురికి చెప్పిందావిడ. పాప రోజూ సాయంత్రం గుమ్మంలో కూర్చుని ఎదురుచూసేది. అది నిద్రపోయాక తల్లి దొడ్లోకెళ్లి ఏడ్చుకునేది.

ఓ రోజు వాళ్లమ్మ ముందే పాప నన్నడిగింది, "ఆంటీ, నేను అల్లరి చేశాననే నాన్న రావట్లేదా?" అని.

ఆవిడిక ఆగలేకపోయింది. పాపను ఒళ్లోకి తీసుకుని నిజం చెప్పేసింది. ఇద్దరూ కరువుతీరా ఏడ్చారు. ఇప్పుడు ఫోటోకి పూలు పెట్టేది పాపే. నాన్న కబుర్లు ఇద్దరూ చెప్పుకుంటారు.

చనిపోయినవాళ్లు తిరిగిరారని చాలామంది పిల్లలకు ఐదు నుంచి ఏడేళ్ల మధ్య అర్థమవుతుంది. మనం దాచేస్తే కొందరు తప్పు తమదేననుకుని కుమిలిపోతారు. పసిదాన్ని గుమ్మంలో కూర్చోబెట్టే అబద్ధం కన్నా కలిసి ఏడవడమే నయం కదూ!