మొక్క నాటేముందు మొద్దు చూద్దాం

యారాడ బీచ్‌కి మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడి కొండలూ సిటీ రోడ్లూ చాలా పచ్చదనం పోగొట్టుకున్నాయి. ఇలాంటప్పుడు మనకి వెంటనే వచ్చే ఐడియా ఒక్కటే: గుంత తవ్వు, మొక్క నాటు, ఫొటో తియ్యి. కానీ అడవిని వెనక్కి తేవడానికి ఇంకో దారి కూడా ఉంది. అది పాత విశాఖ జిల్లా ఏజెన్సీలోని ఆదివాసులకి ఎప్పటినుంచో తెలుసు.

అక్కడి పోడు వ్యవసాయం చూడండి. కొండవాలు మీద చెట్లు కొట్టి, ఎండాక కాల్చి, తొలకరికి ఆ బూడిదలో చోళ్లు, సామలు, కందులు కలిపి చల్లుతారు. వినగానే అడవిని నాశనం చేయడమే కదా అనిపిస్తుంది. అయితే మామిడి, పనస, చింత, ఇప్ప, జీలుగు లాంటి చెట్లని వదిలేస్తారు. మిగతావాటిని కూడా వేరుతో పెకిలించరు, మొద్దు ఉంచుతారు. రెండు మూడేళ్లు పంట తీసి భూమిని బీడు పెట్టేస్తే ఆ మొద్దులే చిగురేస్తాయి. మన భాషలో చెప్పాలంటే మొద్దు ఒక బ్యాకప్. పైన డిలీట్ అయినా కింద వేరు ఉంటుంది.

ఈరోజు ఎకాలజిస్టులు 'అసిస్టెడ్ నేచురల్ రీజెనరేషన్' అంటున్నదానికి ఆధారం కూడా ఇదే. ఉన్న మొద్దుల్ని, రాలిన విత్తనాల మొలకల్ని పశువుల నుంచి, మంటల నుంచి కాపాడతారు. చుట్టూ కలుపు తీస్తారు. ఖర్చు తక్కువ, పెరిగేవి ఎక్కువగా ఆ నేలకి అలవాటైన చెట్లే. ఏమీ మిగలని చోట మాత్రం నాటాల్సిందే. అప్పుడైనా ఏం నాటాలో పాత అడవే చెబుతుంది. జపాన్ శాస్త్రవేత్త అకిరా మియావాకీ కూడా గుళ్ల చుట్టూ మిగిలిన పాత వనాల్ని చూసే తన పద్ధతి తయారుచేసుకున్నారు.

అలాగని పోడు ఎప్పుడూ మంచిదే అనలేం. భూమి తగ్గి, మూడు నాలుగేళ్లకే అదే చోటికి తిరిగొస్తే మొద్దు కూడా అలసిపోతుంది, వానకి మట్టి కొట్టుకుపోతుంది. అడవిని తిరిగి తెచ్చేది ఆ బీడు కాలమే. 'మామిడి కొత్త' పండుగ అయ్యేదాకా కొత్త మామిడికాయ తినకూడదన్న కట్టుబాటులో కూడా ఇలా ఆగడమే ఉంది.

2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అడవిని కాపాడుకునే, మళ్లీ పెంచుకునే హక్కుని గుర్తించింది. కాబట్టి ఊరివాళ్లని అడగకుండా వాళ్ల కొండ మీద మొక్కలు నాటడం సేవ అయిపోదు.

ఈసారి ఎన్ఎస్ఎస్ వాళ్లు కొండ మీదకి రమ్మంటే తప్పకుండా వెళ్దాం. కానీ గునపం దించేముందు ఒక్కటి అడుగుదాం: అక్కడ ఇప్పటికే ఏం చిగురిస్తోంది?