కాగితం మీది అంకె

రైళ్ల వేళలూ, జీతం బిల్లూ తప్ప అంకెలున్న కాగితాన్ని శ్రద్ధగా చదివిన పాపాన పోలేదు నేను. తెలుగు ఎం.ఏ. వాణ్ణి, పద్యంలో గణాలు లెక్కపెట్టడంతోనే నా గణితం సరి. అలాంటి నాకు నలభై మూడో యేట ఒక లాబొరేటరీ కాగితం నిద్ర పట్టకుండా చేసింది.

మాది తెనాలి. ఉద్యోగం బాపట్లలో. ఆ యేడు సాయంత్రం బండి ఎక్కీ ఎక్కగానే కునుకు పట్టేది. దేనిమీదా మనసు పోయేది కాదు. "ఏమండీ, నామీద కోపమా?" అని మా ఆవిడ అడిగిన రోజున, ఇక సిగ్గుపడి లాభం లేదనుకుని, కాలేజీ నుంచి వస్తూ ఆరు గంటలకు రక్తం ఇచ్చివచ్చాను. టెస్టోస్టిరాన్ 210 అని వచ్చింది. డెసీలీటరుకు ఇన్ని నానోగ్రాములని లెక్క. సుమారు 300 నుంచి 1000 దాకా ఉండాలట.

డాక్టరుగారు అంకె చూడలేదు. "ఏ వేళప్పుడు రక్తం ఇచ్చారు మాష్టారూ?" అన్నారు.

ఈ హార్మోను తెల్లవారేసరికి ఎక్కువగా ఉండి, పొద్దు వాలేకొద్దీ తగ్గుతుందట. తిండి తిన్నా, నిద్ర చాలకపోయినా, జ్వరపడి లేచినా తగ్గుతుంది. అందుకని ఉదయం ఏడు, పది గంటల మధ్య, పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో చూస్తేగాని ఏ మాటా చెప్పకూడదన్నారు. చూశారు. రెండుసార్లూ తక్కువే.

అయినా మందు రాయలేదు. ఎల్.హెచ్. అనే మరో పరీక్ష చేయించారు. మెదడు కింద పిట్యూటరీ గ్రంథి ఉన్నదే, అది వృషణాలకు పంపే తాఖీదు అది. తాఖీదులే రాకపోతే లోపం పైఆఫీసులో. తాఖీదుల మీద తాఖీదులు వస్తున్నా పని జరగకపోతే లోపం కింద. నాది రెండో రకం. "చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చాయా?" అన్నారాయన. పదిహేడో యేట వచ్చాయి. గొంతు దగ్గరే కాదు, కిందా వాచింది. ఇంట్లో చెప్పుకోలేక ఊరుకున్నాను. ఇరవయ్యారేళ్ల తరువాత బాకీ వసూలుకు వచ్చిందన్నమాట.

1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాకెర్ బృందం ఈ పదార్థాన్ని ఎద్దుల వృషణాల నుంచి వేరుచేసింది. ఆ యేడే బుటెనాండ్ట్, రుజిచ్కా దాన్ని కొలెస్టరాల్ నుంచి తయారు చేయవచ్చునని చూపారు. వారి పుణ్యమా అని నాకు రెండు వారాలకొక ఇంజక్షన్ మొదలైంది.

ఇక్కడా ఒక మెలిక ఉంది. సూది వేసిన రెండు మూడు రోజులకు రక్తం తీస్తే అంకె ఆకాశంలో ఉంటుంది. పదమూడో రోజున తీస్తే పాతాళంలో. నా ఇంజక్షన్‌కు సరిగ్గా మధ్యన, ఏడో రోజున తీయాలి. ఒంటికి రాసుకునే జెల్ అయితే వేళ వేరు, మూడు నెలలకొకసారి వేసే సూది అయితే వేరు. మూడు నెలలకు చూస్తే 640. కాని రెండో వారంలో మళ్లీ నీరసంగా ఉంటోందనీ, మోతాదు పెంచమనీ అడిగాను.

డాక్టరుగారు కాగితంలో నేను చూడనైనా చూడని వరుస మీద వేలు పెట్టారు: హిమటోక్రిట్ 55. రక్తంలో ఎర్రకణాల పాలు అది. ఈ మందు ఎర్రకణాలను పెంచుతుంది. 54 దాటితే రక్తం చిక్కబడి, గడ్డకట్టే ప్రమాదముంది. పెంచమని వెళ్లిన నాకు మందే ఆపేశారు! గురక ఉందా అని మా ఆవిణ్ణి అడిగారు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నా ఎర్రకణాలు పెరుగుతాయట. అది లేదని తేలింది. హిమటోక్రిట్ 47కు దిగాక, తక్కువ మోతాదు వారంవారం మొదలుపెట్టారు. ఎత్తుపల్లాలు తగ్గాయి; నీరసమూ తగ్గింది. నాకు కావలసింది ఎక్కువ మందు కాదు, సమంగా అందే మందు.

మొన్న సంక్రాంతి వెళ్లాక రేపల్లె నుంచి మా అక్కయ్య కొడుకు ఫోను చేశాడు. పెళ్లయి ఏడాది. "మావయ్యా, నాకు 290 వచ్చింది. రేపు ఇంజక్షన్ చేయించుకుంటున్నా. మావాడొకడు చెప్పాడు" అన్నాడు.

"ఒరేయ్, రేపు నేను వచ్చేదాకా ఆగు" అని, పొద్దున్నే తెనాలిలో రేపల్లె బండి ఎక్కాను. వేమూరు, భట్టిప్రోలు దాటుతున్నంతసేపూ వాడికి ఎలా చెప్పాలా అనే ఆలోచన.

"ఏ వేళప్పుడు ఇచ్చావురా?" అన్నాను. రాత్రి ఏడింటికి, టిఫిను తిన్నాక ఇచ్చాడట.

"బయటి నుంచి హార్మోను వచ్చిపడితే పైఆఫీసు తాఖీదులు మానేస్తుంది. దాంతో బీజకణాల తయారీ పడిపోతుంది. పిల్లలు కావాలనుకునేవాడు ముట్టవలసిన మందు కాదురా ఇది!" అన్నాను.

వాడి ముఖం పాలిపోయింది. పిల్లల కోసమేనట, వాడు సూదికి సిద్ధపడ్డది!

డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాను. ఉదయం పరగడుపున రెండుసార్లు తీస్తే 460, 480. బరువు తగ్గమనీ, అర్ధరాత్రిదాకా ఫోను చూడడం మానమనీ, పిల్లల సంగతికి భార్యాభర్తలిద్దరూ పరీక్ష చేయించుకోమనీ చెప్పి పంపారు.

బండి ఎక్కించడానికి వచ్చి అడిగాడు వాడు: "ఇప్పుడు నీ అంకె ఎంత మావయ్యా?"

"అది డాక్టరుగారికి తెలుసు. నాకు తెలిసిందల్లా, సాయంత్రం బండిలో పేపరు చివరిదాకా చదువుతున్నాను. మీ అత్తయ్య కూడా కోపమా అని అడగడం మానేసింది."